పాత ఆఫీసు లేజర్ ప్రింటర్ ఇంటికి కొనొచ్చా?

ప్రశ్న: మాది కేసముద్రం. పిల్లల చదువు కోసం ఆఫీసులో వాడిన లేజర్ ప్రింటర్ కొనొచ్చా?

జవాబు: నిక్షేపంగా కొనొచ్చు. నెలకు పాతిక పేజీలు తీసే ఇంట్లో ఇంక్‌జెట్ సిరా ఎండిపోయి మొరాయిస్తుంది. లేజర్‌లో సిరాకు బదులు వాడే టోనర్ పొడి కాబట్టి ఎండే ప్రశ్నే లేదు. పాతది ఎప్పుడు మూలనపడుతుందోనన్న భయం సహజమే. కానీ హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి వాటిలో డ్రమ్ము కూడా 12ఏ కార్ట్రిడ్జ్‌లోనే ఉంటుంది. ఆ కార్ట్రిడ్జ్ మారిస్తే త్వరగా అరిగే భాగం కొత్తదైనట్టే. వరంగల్‌లో కొన్నా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా ముందు ఒక పేజీ తీయించి అక్షరాలను వేలితో రుద్దండి. పొడి రాలితే, దాన్ని వేడితో కాగితానికి అంటించే ఫ్యూజర్ దెబ్బతిని ఉండొచ్చు, వదిలేయండి. మీ కంప్యూటర్‌కు సరిపడే డ్రైవర్ దొరుకుతుందో లేదో చూసుకోండి. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు కరెంటు బాగా లాగుతుంది కనుక చిన్న ఇన్వర్టర్ మీద నడపొద్దు. ఇవన్నీ సరిపోతేనే డబ్బులివ్వండి.