కాగితం రామచిలుక చేద్దాం రండి!

పిల్లలూ! రియాద్, జెడ్డా తోటల్లో ఎగిరే ఆకుపచ్చ చిలుకలను చూశారా? అవి మన ఊళ్ళలోని రామచిలుకలే! 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్రపక్షిగా ప్రకటించింది. తెలంగాణ రాష్ట్రపక్షి పాలపిట్ట.

కావలసినవి: అట్టముక్క, ఏ-ఫోర్ కాగితంలో సగం, కత్తెర, రంగులు, దారం.

1. అట్ట మీద జానెడు పొడవున చిలుకను గీయండి. ముక్కు వంకరగా, తోక పొడవుగా ఉండాలి. రెక్కలు గీయవద్దు.
2. కత్తిరించి, రెండువైపులా ఆకుపచ్చ రంగు, ముక్కుకు ఎరుపు వేయండి. కాగితానికీ ఆకుపచ్చే వేయండి. పాలపిట్ట కావాలంటే రెక్కలకు నీలం!
3. ఒంటి మధ్యలో, వేలి వెడల్పు కన్నా కాస్త ఎక్కువగా, అడ్డంగా చీలిక పెట్టాలి. ఇది పెద్దల పని.
4. కాగితాన్ని పొడవువారీగా, వేలి వెడల్పున, ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు మడవండి.
5. చీలికలో సగం దాకా దూర్చి, రెండువైపులా విసనకర్రలా విప్పండి. రెక్కలు వచ్చేశాయి! వీపుకు దారం కట్టి వేలాడదీయండి.

అమ్మానాన్నలకు ఒక మాట. ముక్కు, తోక వంటి పేర్లు పిల్లలకు త్వరగా వస్తాయి. మడవడం, దూర్చడం, విప్పడం వంటి మాటలు అర్థమవుతాయి కానీ నోట రావు. ఇంట్లో మనం చెబుతాం, వాళ్ళు చేస్తారు, అంతే. అందుకే తరగతిలో మేము పద్ధతి తిరగేశాం. పిల్లలు చెప్పాలి, మేము చేయాలి. స్నేహితుడికైతే "మడువు", టీచరుకైతే "మడవండి". చెప్పకపోతే మా చేతులు కదలవు!

చిలుక తయారయ్యాక అమ్మమ్మకో, నానమ్మకో ఫోన్ కలపండి. ఎలా చేశారో పిల్లలనే చెప్పనివ్వండి. మధ్యలో మాట అందించకండి, కాస్త ఆగండి.