కప్పు మీద మట్టి: కోహ్కా ఎండకు పచ్చిక పైకప్పు నిలుస్తుందా?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం అరుదేమీ కాదు. ఆ వేళకు సిమెంటు శ్లాబు పైభాగం 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. పగలంతా శ్లాబు తాగిన ఆ వేడి సాయంత్రం నుంచి మెల్లగా గదిలోకి దిగుతుంది. రాత్రి పది గంటలకు ఫ్యాను వేసుకుంటే వేడిగాలి తగలడానికి కారణం ఇదే.

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల ఇక్కడికి ఉక్కు కర్మాగారం వచ్చింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న మొదలైంది. పని కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారిలో శ్రీకాకుళం, విజయనగరం వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కర్మాగారం క్వార్టర్లు సెక్టార్లలో ఉంటే, సుపేలా దాటాక వచ్చే కోహ్కాలో సొంత ఇళ్లే ఎక్కువ. సొంత ఇల్లు అన్నాక పైకప్పు గురించి నిర్ణయమూ సొంతదే. శ్లాబు మీద మట్టి పోసి పచ్చిక పెంచితే ఇల్లు చల్లబడుతుందన్న మాట ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. అందులో నిజమెంత? ఖర్చు సంగతి తర్వాత. ముందు బరువు, నీరు అనే రెండు లెక్కలు తేలాలి.

పచ్చిక కప్పు కొత్త ఆలోచన కాదు. నార్వేలో శతాబ్దాల పాటు ఇళ్లకు అదే కప్పు. దుంగల మీద వాలుగా పలకలు పరిచి, వాటిపై భూర్జ వృక్షపు బెరడు పొరలు పొరలుగా వేసి, ఆపైన గడ్డితో సహా కోసి తెచ్చిన మట్టి పెళ్లలు పేర్చేవారు. నీటిని ఆపే పని బెరడుది. బెరడు ఎగిరిపోకుండా, చలి లోపలికి రాకుండా చూడటం మట్టి పని. అటువంటి కప్పు చదరపు మీటరుకు సుమారు 250 కిలోల బరువు ఉంటుంది. అమెరికాలోని నెబ్రాస్కా మైదానాల్లో 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద భూములు పొందినవారికి కలప దొరకలేదు. వాళ్లు గోడలను కూడా గడ్డి పెళ్లలతోనే కట్టుకున్నారు. ఈ రెండు చోట్లా మట్టి కప్పు ముఖ్యంగా చలి నుంచి కాపాడింది. కోహ్కాకు కావలసింది ఎండ నుంచి రక్షణ. అందువల్ల ఇక్కడి ఇంటికి నార్వే కన్నా రాయలసీమ దగ్గరి చుట్టం.

రాయలసీమ మిద్దె చెప్పే పాఠం

అనంతపురం, కర్నూలు పల్లెల్లో మట్టి మిద్దెలు నేటికీ కనిపిస్తాయి. గోడల మీద దూలాలు, వాటిపై అడ్డంగా కట్టెలు లేదా బండలు, సందులు మూయడానికి ఆకు, కంప, ఆపైన మందంగా చౌడు మన్ను. చౌడే ఎందుకు? పొలంలో చౌడు పడితే రైతు తల పట్టుకుంటాడు. నీరు ఇంకదు, పంట రాదు. ఆ నీరు ఇంకని గుణమే కప్పుకు వరం.

బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. మంచి నేలలో కాల్షియం అయాన్లు ఈ రేణువులను గుంపులుగా పట్టి ఉంచుతాయి. గుంపుల మధ్య సందుల్లోంచి నీరు దిగుతుంది. చౌడులో కాల్షియం చోటును సోడియం ఆక్రమిస్తుంది. సోడియానికి అంత పట్టు లేదు. వాన పడగానే రేణువులు విడివిడిగా చెదిరి, ఉన్న కాస్త సందులనూ పూడ్చేస్తాయి. పైపొర నున్నగా మూసుకుపోయి, నీరు దోనె వైపు జారిపోతుంది. రసాయన శాస్త్రం పేరు తెలియకుండానే రాయలసీమ మేస్త్రీలు సోడియంతో వాటర్‌ప్రూఫింగ్ చేశారన్నమాట.

ఇక్కడ గమనించవలసిన మాట ఒకటి ఉంది. ఆ మిద్దె మీద గడ్డి మొలిస్తే దాన్ని పెంచరు, పీకేస్తారు. వేరు దిగిన దారినే నీరూ దిగుతుంది కనుక. అంటే తెలుగువారికి మట్టి కప్పు తెలుసు కానీ, పచ్చని కప్పును వాళ్లు కోరుకోలేదు. పైగా ఏటా వానలకు ముందు కొత్త మన్ను చల్లే అలవాటు వల్ల మందం పెరుగుతూ పోతుంది. దూలం మాత్రం పాతదే. దానికి చెద కూడా పడుతుంది. ముసురు పట్టి నాలుగు రోజులు మన్ను నానితే ఆ బరువు మోయలేక మిద్దె కూలి, నిద్రలో ఉన్న కుటుంబాలు బలైన వార్తలు వానాకాలంలో వింటూనే ఉంటాం. మట్టి కప్పు గురించి మాట్లాడే ఎవరైనా ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. భిలాయిలో వెయ్యికి పైగా, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో మట్టి గోడలున్నా, వాటి మీద చదును మిద్దె కాక ఖప్రా అనే గూన పెంకుల వాలు కప్పు ఉండటానికి కారణం ఈ తేడాయే.

పది టన్నుల ప్రశ్న

600 చదరపు అడుగుల శ్లాబు అంటే దాదాపు 56 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్ల మందాన మామూలు తోట మట్టి పోశారనుకుందాం. తడిసిన మట్టి ఘనపు మీటరుకు దాదాపు 1,800 కిలోలు. అంటే చదరపు మీటరుకు 180 కిలోలు, మొత్తం మీద పది టన్నులు. రెండు మూడు ఏనుగులను కప్పు మీద శాశ్వతంగా కట్టేసినట్టే. మనుషులు తిరిగే చదును కప్పును చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల అదనపు భారానికి, అంటే సుమారు 150 కిలోలకు, రూపొందించాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. ఎవరూ ఎక్కని కప్పుకైతే అందులో సగమే. మనిషి ఒక్కడూ కాలు పెట్టకముందే మట్టి ఆ హద్దు దాటేసింది. తూము పూడుకుపోయి 5 సెంటీమీటర్ల నీరు నిలిస్తే మరో 50 కిలోలు కలుస్తుంది. కాబట్టి ఇప్పటికే కట్టిన ఇంటి మీద, స్ట్రక్చరల్ ఇంజినీరు చూడకుండా, మట్టి పరచడం తగదు. ఇందులో మినహాయింపు లేదు.

ఆధునిక పచ్చిక కప్పుల్లో తోట మట్టి వాడకపోవడానికి కారణం ఇదే. జర్మనీలో నలగ్గొట్టిన ఇటుక, ఉబ్బించిన బంకమట్టి గుళికలు, కొద్దిగా కంపోస్టు కలిపిన తేలికైన మిశ్రమాన్ని వాడతారు. కోహ్కా చుట్టుపక్కల దీనికి దగ్గరి వస్తువు పాత ఖప్రా. విరిగిన గూన పెంకును నలగ్గొడితే సూక్ష్మరంధ్రాలతో నీటిని పట్టి ఉంచే ముక్కలు వస్తాయి. ఉక్కు ఊరు కాబట్టి స్లాగ్ వాడవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. సిమెంటుకు అది మంచి సరుకే. కానీ స్లాగ్‌లో సున్నం పాలు ఎక్కువ, క్షారగుణం ఉంటుంది. వేళ్లకు నేరుగా తగిలేలా పోయడం మంచిది కాదు.

ఈ మిశ్రమం కింద నీరు పారే పొర, దాని కింద వేళ్లను అడ్డుకునే గట్టి ప్లాస్టిక్ షీటు, అన్నిటికన్నా కింద వాటర్‌ప్రూఫింగ్ ఉండాలి. మట్టి వేయకముందే శ్లాబు మీద రెండు మూడు రోజులు నీళ్లు నిలగట్టి కారుతోందేమో చూసుకోవాలి. తర్వాత చూడాలంటే తోటంతా తవ్వాలి. ఒకసారి కప్పు పచ్చబడ్డాక కూడా కాపలా తప్పదు. పిట్టలు రావి, మర్రి విత్తనాలు తెచ్చి వేస్తాయి. ఆ మొక్కను గోటితో గిల్లేయగల వయసులో తీయకపోతే, తర్వాత శ్లాబునే పగలగొట్టి తీయాలి.

చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది?

పొడి మట్టి కాంక్రీటు కన్నా వేడిని తక్కువగా ప్రసరింపజేస్తుంది, ఆకులు నీడనిస్తాయి. కానీ పచ్చిక కప్పు అసలు బలం నీటి ఆవిరిలో ఉంది. కుండలో నీరు చల్లబడే సూత్రమే ఇదీ. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటుంది. కరెంటు బిల్లు భాషలో చెబితే 0.67 యూనిట్. మే నెలలో ఒక చదరపు మీటరు కప్పు మీద రోజుకు పడే ఎండ 6 నుంచి 7 యూనిట్లు. పచ్చిక రోజుకు చదరపు మీటరుకు 4 లీటర్లు ఆవిరి చేస్తే 2.7 యూనిట్లు, అంటే ఎండలో దాదాపు నలభై శాతం, గాలిలోకి వెళ్లిపోతుంది.

అయితే ఆ 4 లీటర్లను 56 చదరపు మీటర్లకు లెక్కకడితే రోజుకు సుమారు 225 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఉండాలన్నది ప్రణాళికల్లో వాడే ప్రమాణం. అంటే మండు వేసవిలో కప్పు ఒక్కటే ఒకటిన్నర మనుషుల వాటాను మించి తాగుతుంది. బోర్లు అడుగంటే నెలల్లో ఈ నీళ్లెక్కడివి?

నీరు అడగని మొక్కలు పెంచవచ్చు కదా అంటే, అక్కడా ఒక మెలిక ఉంది. ఐరోపా కప్పుల మీద కనిపించే సీడమ్ వంటి మొక్కలు ఎండకు పగలు పత్రరంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తాయి. మన గంగవాయిలు కూర కూడా నీటి ఎద్దడి వస్తే అదే దారి పడుతుంది. అందుకే అవి బతుకుతాయి. కానీ పగలు నీరు వదలని మొక్క పగలు కప్పును పెద్దగా చల్లబరచదు. నీడ ఇస్తుంది, అంతవరకే.

ఇంట్లో స్నానం నీరు ఒక దారి. పై 135 లీటర్ల ప్రమాణంలో స్నానానికి కేటాయించేది 55 లీటర్లు. నలుగురున్న ఇంట్లో 220 లీటర్లు, కప్పుకు కావలసినంత! కానీ సబ్బులో సోడియం ఉంటుంది. అదే నీరు రోజూ పోస్తే కొన్నాళ్లకు మట్టి చౌడు బారుతుంది. రాయలసీమ మిద్దెను కాపాడిన సోడియం ఇక్కడ మొక్కకు నీరందకుండా చేస్తుంది. మట్టిలో బంక పాలు బాగా తగ్గించి, ఆ నీటిని ముందుగా వడకట్టాలి. ఏటా తొలకరి వానలు లవణాలను కడిగేలా తూములు సాఫుగా ఉంచాలి. హైదరాబాద్ హైటెక్ సిటీ దగ్గర, 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ కప్పులో సగానికి పైగా తోటే ఉంది. ఆ భవనం వాడిన నీటిని మొక్కల వేళ్ల మధ్య శుద్ధి చేసి మళ్లీ మొక్కలకే ఇస్తుంది. నీటి ఏర్పాటు, భారం లెక్క మొదటి గీత నుంచీ నక్షాలో ఉండబట్టి అక్కడ తోట నిలిచింది.

మరి కట్టేసిన ఇంట్లో ఉన్నవారి సంగతి? కప్పుకు తెల్ల పూత వేయడం అన్నిటికన్నా చవక. కొత్తగా వేసిన మంచి తెల్ల పూత ఎండలో మూడు వంతులను వెనక్కి పంపగలదు. బరువు లేదు, నీరు అక్కర్లేదు. దుమ్ము పట్టిన కొద్దీ పని తగ్గుతుంది కాబట్టి వేసవికి ముందు కడుక్కోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఈ పద్ధతినే ప్రోత్సహిస్తోంది.

పచ్చదనమూ కావాలనుకునేవారికి పందిరి ఉంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో వానాకాలం ఖప్రా కప్పుల మీదికి గుమ్మడి, సొర పాదులు పాకుతూ కనిపిస్తాయి. వేరు నేలలో, ఆకు కప్పు మీద. మట్టి బరువు అసలే లేదు. శ్లాబు ఇంటికి ఈ పద్ధతిని మార్చుకోవచ్చు. తలెత్తు పందిరి వేసి, డ్రమ్ముల్లో ఆనప, బీర పాదులు పెట్టి పైకి పాకిస్తే, ఆకుల నీడకూ శ్లాబుకూ మధ్య గాలి ఆడుతుంది. తడిమట్టితో సగం డ్రమ్ము 150 కిలోల పైమాటే. అందుకని డ్రమ్ములను గది నడుమ కాకుండా, కింద గోడ ఉన్నచోట, దాని నెత్తి మీదే పెట్టాలి. పందిరి గుంజలను ఈదురుగాలికి లేవకుండా పిట్టగోడకు బిగించాలి. నీరు డ్రమ్ము మొదట్లోనే పోస్తారు కాబట్టి శ్లాబంతా తడవదు. సాయంత్రం ఒక పూట పోస్తే ఎంత పట్టిందో బకెట్లతోనే లెక్క తేలుతుంది.