బిడ్డ ఒంటి వాసన ఏం చెబుతుంది?

లింగాల మండలంలో ఎండలు ఎక్కువ. వేసవిలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరు ఉంది. అయినా అన్ని ఇళ్ల తొట్లలో ఎప్పుడూ నీళ్లు నిండుగా ఉండవు. వాన పడని ఏడు బోర్లు ఎండిపోతాయి. ఆడవాళ్లు పొద్దున్నే అరటి తోటలకు, చీనీ తోటలకు, చెనిక్కాయ చేలకు పోతారు. సాయంత్రం ఇల్లు చేరుతారు. అలాంటప్పుడు బిడ్డకు నీళ్లు పోయడం ఒక్కోరోజు తప్పిపోతుంది. ఇందులో అమ్మ తప్పేమీ లేదు. కానీ బిడ్డ ఒంటి నుంచి వాసన వస్తూ ఉంటే దాని కారణం తెలుసుకోవాలి.

వాసన ఎలా పుడుతుంది?

మన చర్మం మీద కంటికి కనిపించని సూక్ష్మక్రిములు ఉంటాయి. అవి చెమటను, మురికిని తిని బతుకుతాయి. అప్పుడే వాసన పుడుతుంది. అప్పుడే పట్టిన చెమటకు వాసన ఉండదు.

మన ఒంట్లో చెమట గ్రంథులు రెండు రకాలు. ఒక రకం ఒళ్లంతా ఉంటుంది. ఇది నీళ్లలాంటి చెమటను వదిలి ఒంటిని చల్లబరుస్తుంది. ఇది పసిబిడ్డలకు కూడా పని చేస్తుంది. రెండో రకం చంకల్లో, గజ్జల్లో ఉంటుంది. దీని చెమట చిక్కగా ఉంటుంది. పెద్దవాళ్ల చంక వాసనకు కారణం ఇదే. ఈ రెండో రకం గ్రంథులు పిల్లలు ఈడుకు వచ్చే ముందు పని మొదలుపెడతాయి.

అంటే చిన్నపిల్లలకు పెద్దవాళ్ల మాదిరి చెమట కంపు రాకూడదు. వస్తే మరెక్కడి నుంచో వస్తోందని అర్థం. ఉతకని గుడ్డలు, తడిసిన చెడ్డి, ఉచ్చ తగిలిన బొంత, మూసుకున్న బూట్లు, పాచి పట్టిన పళ్లు, చీము కారే చెవి, పేలు పడి పుండ్లయిన తల. ఇవన్నీ చూడాలి. వాసన ఎక్కడ ఉందో కనిపెడితే సగం పని అయినట్టే.

ఒక పాప సంగతి

ఆరేళ్ల పాప ఒకతె బడికి పోనని మొండికేసింది.

"ఏంటికి పోవు మ్మా?" అని అమ్మ అడిగింది.

"నా పక్కన ఎవరూ కూచోరు. కంపు అంటారు" అని పాప ఏడ్చింది.

అమ్మకు బాధ వేసింది. వాసన సబ్బు తెచ్చింది. పూటకోసారి నీళ్లు పోసింది. ముఖానికి పౌడరు పూసింది. అయినా వాసన పోలేదు. "దిష్టి తగిలింటాది" అని జేజి ఉప్పు, మిరపకాయలు తిప్పి పోసింది. అప్పటికీ పోలేదు. పాప బడి మానేసి పది దినాలయింది.

ఒకరోజు నర్సమ్మ ఆ వీధికి వచ్చింది.

"దినామూ నీళ్లు పోస్తానే ఉండా నర్సమ్మా. ఇంకేం చేయల్ల?" అని అమ్మ అడిగింది.

నర్సమ్మ పాపను దగ్గరకు తీసుకుంది. తల, చెవులు, నోరు, చంకలు చూసింది. తర్వాత ముక్కు చూసింది. కుడి ముక్కు నుంచి పచ్చగా చీమిడి కారుతోంది. ఎడమ ముక్కు బాగుంది.

"జలుబయితే రెండు ముక్కులూ కారతాయక్కా. ఒక్క వైపే కారుతూ కంపు కొడుతుంటే లోపల ఏదో ఇరుక్కున్నట్టే. పుల్ల పెట్టి తీయొద్దు. ఇంకా లోపలికి పోతుంది. ఆస్పత్రికి తీసుకుపో" అని చెప్పింది.

ఆస్పత్రిలో డాక్టరు పనిముట్టుతో పాప ముక్కులోంచి కుళ్లిన చెనిక్కాయ గింజ తీశాడు. పాప ఆడుకుంటూ ఎప్పుడో పెట్టుకుంది. భయపడి చెప్పలేదు. నాలుగు దినాల్లో వాసన పోయింది. పాప మళ్లీ బడికి పోయింది.

సబ్బు మంచిదే. కానీ ముక్కులో ఉన్న గింజను సబ్బు తీయలేదు. అందుకే ముందు కారణం వెతకాలి.

నీళ్లు తక్కువగా ఉంటే ఎలా?

చిన్నబిడ్డకు ఒక చిన్న బకెట్టు నీళ్లు చాలు. చెంబుతో కొద్దికొద్దిగా పోయాలి. చెవుల వెనుక, మెడ మడతలు, చంకలు, గజ్జలు, కాలి వేళ్ల సందులు రుద్దాలి. మురికి నిలిచేది అక్కడే. సబ్బు లేకపోతే సున్నిపిండి వాడుకోవచ్చు. తర్వాత పొడి గుడ్డతో మడతల్లో తడి లేకుండా తుడవాలి. తడి ఉంటే తామర లాంటి చర్మరోగాలు తొందరగా ముదురుతాయి.

ఒళ్లంతా పోయడానికి నీళ్లు లేని రోజు తడి గుడ్డతో ఈ మడతలైనా తుడవాలి. ఉతికిన చెడ్డి వేయాలి. ఒళ్లు కడిగి మళ్లీ పాత చెడ్డి వేస్తే వాసన పోదు.

ఆడపిల్లకు దొడ్డికి పోయాక ముందు నుంచి వెనక్కి కడగడం నేర్పాలి. వెనక నుంచి ముందుకు కడిగితే క్రిములు మూత్రదారికి చేరి మంట పుడుతుంది. మగపిల్లవాడికి పైపైన నీళ్లతో కడిగితే చాలు. ముందుతోలును బలవంతంగా వెనక్కి లాగకూడదు.

ఉదయం, రాత్రి పళ్లు తోమించాలి. నాలుక మీద పాచి కూడా తీయించాలి. వారానికి ఒకసారి గోళ్లు కత్తిరించాలి. తినే ముందు, దొడ్డికి పోయి వచ్చాక సబ్బుతో చేతులు కడిగించాలి. చేతులు కడిగే అలవాటు విరేచనాలను బాగా తగ్గిస్తుంది.

బొంతలు, దిండ్లు ఎండలో వేయాలి. మన ఊర్లో ఎండకు కొదవ లేదు. ఎండ ఖర్చు లేని మందు.

నిద్రలో ఉచ్చ పోసే బిడ్డను కొట్టకూడదు. ఐదేళ్లు దాటినా కొందరు పిల్లలు పక్క తడుపుతారు. అది కావాలని చేసే పని కాదు. పడుకునే ముందు బయటికి పంపాలి. పొద్దున్నే ఒళ్లు కడిగి గుడ్డలు మార్చి బడికి పంపాలి.

ఈ పనులు చేయకూడదు

పేలు పోవాలని తలకు కిరసనాయిలు, పురుగుల మందు పూయకూడదు. ఒళ్లు కాలవచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. తడి తలను పేల దువ్వెనతో కొన్ని రోజులకొకసారి దువ్వాలి. పేల మందు కావాలంటే నర్సమ్మను అడగాలి. ఇంట్లో అందరి తలలూ చూసుకోవాలి.

పురుగుల మందు డబ్బా ఎంత కడిగినా అందులో నీళ్లు పట్టకూడదు. తాగడానికే కాదు, బిడ్డకు పోయడానికి కూడా వద్దు. తోటలో మందు కొట్టి వచ్చినవాళ్లు ఒళ్లు కడుక్కొని, గుడ్డలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి.

పసిబిడ్డల ముఖం దగ్గర పౌడరు చల్లకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెద్దవాళ్లు కొట్టుకునే సెంటు చిన్నపిల్లలకు అవసరం లేదు. అది వాసనను కప్పుతుంది. కారణాన్ని దాస్తుంది.

ఇలా ఉంటే ఆస్పత్రికి పోవాలి

ఒక్క ముక్కు నుంచే కంపు, చీము వస్తే చూపించాలి. గడియారాల్లో, బొమ్మల్లో ఉండే చిన్న బిళ్ల బ్యాటరీ ముక్కులో పెట్టుకుంటే, మింగితే ఒక్క గంట కూడా ఆగకూడదు. అది లోపలి కండను కాల్చేస్తుంది.

చెవి నుంచి చీము కారితే చూపించాలి. చెవిలో నూనె పోయకూడదు. నిర్లక్ష్యం చేస్తే వినికిడి తగ్గుతుంది.

ఆడపిల్ల చెడ్డీకి కంపు మరక అవుతూ ఉంటే బిడ్డను తిట్టకూడదు. ఎవరైనా తాకారా అని మెల్లగా అడగాలి. బిడ్డ చెప్పింది నమ్మాలి. డాక్టరుకు చూపించాలి.

ఎనిమిదేళ్లు నిండని ఆడపిల్లకు, తొమ్మిదేళ్లు నిండని మగపిల్లవాడికి పెద్దవాళ్ల మాదిరి చంక వాసన వచ్చినా, వెంట్రుకలు వచ్చినా, ఆడపిల్లకు రొమ్ము పెరిగినా చూపించాలి. చాలాసార్లు ప్రమాదం ఉండదు. కానీ ఆ మాట పరీక్ష చేసి డాక్టరు చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు ఒకటుంది. బిడ్డ నోటి నుంచి బాగా మగ్గిన పండు వాసన వస్తుంది. బిడ్డ మాటిమాటికీ నీళ్లు తాగుతుంది. మాటిమాటికీ ఉచ్చకు పోతుంది. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. తింటున్నా చిక్కిపోతుంది. కడుపునొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి. ఇది చక్కెర జబ్బు కావచ్చు. ఈ జబ్బు పిల్లలకు కూడా వస్తుంది. నాటుమందు కోసం, దిష్టి తీయడం కోసం ఒక్క పూట కూడా పోగొట్టకూడదు. 108 కి ఫోన్ చేయాలి. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి నిమిషంలో పరీక్ష చేస్తారు. ఇన్సులిన్ సూది వేస్తే బిడ్డ బతుకుతుంది. దినామూ ఇన్సులిన్ తీసుకుంటూ అందరిలాగే చదువుకుంటుంది, ఆడుకుంటుంది.

మాట జాగ్రత్త

"కంపు పిల్ల" అనే మాట బిడ్డ మనసులో ముల్లులా దిగుతుంది. ఆ మాటతో కొందరు పిల్లలు బడి మానేస్తారు. కొందరు పెద్దలు ఒక వాడ పిల్లలందరినీ అదే మాటతో దూరం పెడతారు. అది అన్యాయం. వాసన కులాన్ని బట్టి రాదు. నీళ్లు, గుడ్డలు, సమయం చాలని చోట వస్తుంది. జబ్బు ఉన్న చోట వస్తుంది. నీళ్ల కుళాయి రాని వీధి ఉంటే ఆడవాళ్లంతా కలిసి పంచాయతీలో అడగాలి. అర్జీ రాయాలి. ఇప్పుడు రాయడం వచ్చింది కదా!

ఆలోచించండి – చెప్పండి

1. చిన్నపిల్లలకు పెద్దవాళ్ల మాదిరి చంక వాసన ఎందుకు రాదు?
2. పాప ముక్కులో గింజ ఉందని నర్సమ్మ ఎలా కనిపెట్టింది?
3. మీ వీధిలో నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయి?

రాయండి

1. మీ ఇంట్లో పిల్లల పేర్లు, వయసులు రాయండి.
2. మీ ఊరి నర్సమ్మ ఏ రోజు వస్తుందో రాసి గోడకు అంటించండి. దాని కింద 108 అని పెద్దగా రాయండి.
3. మీ వీధికి కుళాయి కావాలని పంచాయతీకి నాలుగు వాక్యాల అర్జీ రాయండి. పది మంది సంతకాలు చేయండి.