నాలుగు వరుసల వార్త

జిల్లా పేజీలో అడుగున, ఎడమవైపు మూలన నాలుగు వరుసలు. పైన 'నీళ్లు లేవు' అని రెండు మాటల శీర్షిక. కింద ఊరు, కాలనీ, బోరు ఎన్నాళ్లుగా పనిచేయడం లేదు, ఎన్ని ఇళ్లకు ఇబ్బంది, అధికారి ఏమన్నాడు. అంతే. హైదరాబాదులో ఉన్నవాడి చూపు అక్కడ ఆగదు. ఆ కాలనీలోని 60 ఇళ్లకు మాత్రం ఆ రోజు పేపర్లో అంతకన్నా పెద్ద వార్త లేదు.

గుత్తి మండల విలేకరిగా నేను చాలా ఏళ్లు ఎక్కువగా ఇలాంటి వార్తలే రాశాను. ఆ నాలుగు వరుసలు ఎట్లా తయారవుతాయో మొదటి నుంచీ చెబుతాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు పనికొస్తుంది. రోజూ పేపరు చదివేవాళ్లు కూడా తెలుసుకోవలసిన పని ఇది.

మొదట వినాలి. గుత్తి టౌన్లో కబుర్లు ఆర్టీసీ బస్టాండు పక్క టీ కొట్టు దగ్గర, తహసీల్దారు కార్యాలయం ముందు చెట్టు నీడలో పుడతాయి. పల్లెల్లోనైతే రచ్చకట్ట మీద, పాలు పోసే చోట. అన్నిటికన్నా ఎక్కువ కబుర్లు దొరికేది ఉపాధి హామీ పని జరిగే చోట. ఆ పథకం దేశంలో మొదలైంది మా అనంతపురం జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. పొద్దున్నుంచి మట్టి తవ్వినవాళ్లు సద్ది తినడానికి చెట్టు కిందికి చేరిన అరగంటలో అన్నీ బయటపడతాయి. ఎవరి కూలి డబ్బు పడలేదో, ఎవరు పిల్లలను అవ్వ దగ్గర వదిలి బెంగళూరుకు పోయారో, ఏ వీధికి నీళ్లు రావడం లేదో.

కబురంటే కష్టమొకటే కాదు. పీర్ల పండుగకు గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి ఎన్ని ఊర్ల జనం కదిలారు, తిరునాళ్లలో బండలాగుడు పోటీ ఎవరి ఎద్దులు గెలిచాయి, బడి పిల్ల పరుగు పందెంలో జిల్లాకు ఎట్లా ఎంపికైంది, ఇవన్నీ వార్తలే. వాన లేని ఏడు కప్పలకు పెళ్లి చేస్తారు, గుళ్లో విరాటపర్వం చదివిస్తారు. అదీ రాయాలి, వేడుకగా కాదు. ఆ ఊరి భూమిలో పదును లేదని చెప్పే వార్త అది.

వినేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. విలేకరికి ఫోన్ చేసేవాళ్లు కొందరే, తరచుగా వాళ్లే. వాళ్ల మాట అబద్ధమని కాదు. కానీ ఫోన్ చేయడం తెలియని వీధి, చెప్పుకుంటే ఏమొస్తాదిలే అని ఊరుకున్న వీధి ప్రతి ఊళ్లో ఒకటి ఉంటుంది. నీళ్ల కబురు నాకు ఎక్కువసార్లు ఆ వీధిలోనే దొరికింది.

తర్వాత పోయి చూడాలి. ఈ పనిలో ఎక్కువ కాలం పట్టేది ఇక్కడే, పట్టాల్సిందీ ఇక్కడే. నీళ్ల వార్తకు మధ్యాహ్నం పోతే ఖాళీ బిందెలు తప్ప ఏమీ కనపడవు. తెల్లవారి 5 గంటలకు పోవాలి. అప్పుడు కొళాయి దగ్గర వరుస ఉంటుంది. బిందె లేనివాళ్లు తమ వంతుకు రాయి పెట్టిపోతారు, కొందరు పాత చెప్పు పెడతారు. ఆ వరుస లెక్కపెట్టాలి. ఒక బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాసుకోవాలి. ఇంటికి ఎన్ని బిందెలు దక్కుతున్నాయో నలుగురిని వేరువేరుగా అడగాలి. నలుగురూ ఒకే లెక్క చెబితే సరే. చెప్పకపోతే ఐదో ఇంటికి పోవాలి.

'బోరు చెడిపోయింది' అని అందరూ అంటారు. ఆ ఒక్క మాటలో నాలుగు వేరువేరు వార్తలున్నాయి. మోటారు వేస్తే మూలిగి ఆగిపోతే, కాయిల్ కాలి ఉండొచ్చు. మోటారు తిరుగుతూ నీళ్లు ఆగి ఆగి వచ్చి చివరికి గాలి కొడుతుంటే బోరులోనే నీళ్లు దిగిపోయాయి. ట్యాంకు నిండి కూడా కొళాయికి రాకపోతే దారిలో ఎక్కడో పైపు పగిలింది. ఏదీ కాకపోతే బిల్లు కట్టలేదని కరెంటు తీసేసి ఉంటారు. మొదటిది మెకానిక్ పని, మూడోది పంచాయతీ పని, నాలుగోది డబ్బు సంగతి. రెండోదే కష్టం, అది భూమి సంగతి. మా దగ్గర అడుగున రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఎంత నిలిస్తే అంత. నైరుతి మేఘాలను పడమటి కనుమలే పిండేస్తాయి, ఈశాన్యం ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడేది సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అందుకే ఏది చెడిందో తెలుసుకోకుండా రాస్తే వార్త తప్పు ఆఫీసుకు చేరుతుంది. అది ఆ ఆఫీసు వాళ్లు మాది కాదనడానికి సాయం చేసినట్టవుతుంది.

చూసిన తర్వాత పేర్లు. దీని గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పల్లె నుంచి మరణవార్త వచ్చింది. ఆ ఊళ్లో ఒకే పేరున్న పెద్దలు ఇద్దరు, ఇంటి పేరూ ఒకటే, తండ్రి పేరొకటే వేరు. నేను ఫోన్లోనే రాసుకుని, బతికున్నాయన తండ్రి పేరు వేశాను. ఆ ఉదయం ఆయన కూతురు తాడిపత్రిలో పేపరు చూసి, ఏడుస్తూ బస్సెక్కి వచ్చింది. వచ్చేసరికి నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "నా బిడ్డ దావంతా ఏడ్చిందంట నాయనా" అన్నాడు, అంతే. మర్నాడు రెండు వరుసల సవరణ వచ్చింది. ఆ అమ్మాయి బస్సులో గడిపిన గంటన్నరకు ఏ సవరణా లేదు. అప్పటి నుంచి పేరు, ఇంటి పేరు, తండ్రి పేరు అడగకుండా, అడిగింది తిరిగి చదివి వినిపించకుండా ఏ ఊరి నుంచీ బండి తీయలేదు.

ఆ తర్వాత రెండో పక్క. పంచాయతీ కార్యదర్శిని, గ్రామీణ నీటి సరఫరా శాఖ అసిస్టెంట్ ఇంజనీరు(ఏఈ)ని అడగాలి. ఒకసారి ఫోన్ చేసి, ఎత్తకపోతే 'అధికారులు స్పందించలేదు' అని రాయడం తేలిక. అన్యాయం కూడా. ఒక ఏఈ కింద ఎన్ని పల్లెలుంటాయో, వేసవిలో ఒకే రోజు ఎన్ని మోటార్లు కాలతాయో మనం చూస్తూనే ఉన్నాం. ఆఫీసుకు పోయి కూర్చుంటే వాళ్లే రిజిస్టరు తీసి చూపిస్తారు. ఎప్పుడు ఫిర్యాదు అందింది, ఎప్పుడు బాగుచేస్తామన్నారు అనే రెండు తేదీలు పట్టుకుంటే చాలు. వార్తకు బలం ఆ తేదీల్లోనే ఉంది.

రాసేటప్పుడు నేను ఒక వాక్యాన్ని పూర్తిగా మానేశాను. 'ఇకనైనా సంబంధిత అధికారులు స్పందించి తగు చర్యలు తీసుకోవాలని స్థానికులు కోరుతున్నారు.' జిల్లా పేజీలో సగం వార్తలు దీనితోనే ముగుస్తాయి. ఇందులో అధికారి ఎవరో లేదు, చర్య ఏమిటో లేదు, కోరినవారి పేరు లేదు. దాని బదులు 'కాలిన మోటారు మార్చాలి' అని రాస్తే మూడు మాటల్లో అయిపోతుంది. మిగిలిన చోటులో ఒక మనిషి మాట పడుతుంది. ఆ మాటను కూడా సాపు చేయకూడదు. మా వైపు బుడ్డలంటారు, పేపరు వేరుశనగ అంటుంది. వార్తలో వేరుశనగే రాస్తాను. రైతు నోటి మాట దగ్గర మాత్రం బుడ్డలు బుడ్డలుగానే ఉండాలి. కొళాయి దగ్గరి అవ్వ "నీళ్లు రావడం లా" అంటే 'రావడం లేదని ఆవేదన వ్యక్తం చేశారు' అని రాసిన రోజు ఆమె తన మాటను తానే గుర్తుపట్టదు.

ఇక పంపడం. ఇప్పుడు ఫోన్లో టైపు చేసి, ఫొటోతో సహా ఒక్క నొక్కులో పోతుంది. మేం మొదలుపెట్టినప్పుడు కాగితానికి ఒక వైపే రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం అనంతపురం బస్సుకు అందించేవాళ్లం. బస్సు తప్పితే వార్త తప్పినట్టే. తర్వాత ఫ్యాక్స్ వచ్చింది, ఆ తర్వాత కంప్యూటరు, అను ఫాంట్లు. పేపర్లు ఊర్ల దాకా రావడానికి మొదట దారి వేసింది 'ఈనాడు'. 1974 ఆగస్టు 10న విశాఖలో మొదలై, 1989లో జిల్లాకొక చిన్న పేపరు జతచేసింది. అంతకు ముందు పేజీలో చోటు దొరకని పల్లె కబుర్లకు ఒక్కసారిగా చోటొచ్చింది. ఆ చోటు నింపడానికి మండలానికొక కంట్రిబ్యూటరు కావలసి వచ్చాడు. అచ్చయిన వార్త పొడవు కొలిచి డబ్బిచ్చే లైన్ అకౌంటుతో ఎన్నో ఇళ్లు గడవలేదు, ఆ మాట కూడా చెప్పాలి. వార్త రాసేవాడి కడుపు నిండకపోతే ప్రకటనలు తెమ్మనే ఒత్తిడి ముందు వార్త ఎన్నాళ్లు నిలుస్తుంది?

అయినా గుత్తి నుంచి వార్త బయటికి పోవడం అప్పుడు మొదలైంది కాదు. పట్టు కేశవ పిళ్లై గుత్తిలో ప్లీడరు, మద్రాసు 'ది హిందూ'కు ఇక్కడి విలేకరి. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసుకు పోయినవారిలో ఒకరు. 1893 అక్టోబరులో గుంతకల్లు రైల్వే గేటు కాపలాదారు హంపన్న, తెల్ల సిపాయిలు వెంటపడిన ఇద్దరు స్త్రీలకు అడ్డం నిలిచి తుపాకి గుండుకు చనిపోయాడు. ఆ సంగతి గుంతకల్లులోనే అణిగిపోకుండా మద్రాసు దాకా చేర్చింది కేశవ పిళ్లై కలం. నిందితుడు హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. కానీ ఒక గేటు కాపలాదారు పేరు ఈరోజు మనకు తెలుసు, గుంతకల్లులో ఆయన స్మారకం ఉంది. కాల్చినవాడి పేరు ఈ చుట్టుపక్కల ఎవరూ తలవరు.

డెస్కులో ఏం జరుగుతుందో మాకు పెద్దగా కనపడదు. సబ్ ఎడిటరు 12 వరుసలను నాలుగు చేస్తాడు, శీర్షిక పెడతాడు, రాత్రి పేజీ కడతారు. కోతలో పేరు పోకూడదని పేరును మొదటి వాక్యంలోనే పెట్టడం నేను నేర్చుకున్న ఉపాయం. చీకటితోనే వ్యాన్లో కట్టలు దిగుతాయి, ఏజెంట్లు విడదీస్తారు, సైకిళ్లు కదులుతాయి.

పల్లెలో పేపరు ఒకడు చదువుతాడు, పదిమంది వింటారు. నాలుగు వరుసల వార్తను టీ కొట్టు దగ్గర నాలుగుసార్లు చదివిస్తారు. ఇట్లాంటి చిన్న వార్తలు ఒకదాని పక్కన ఒకటి చేరితే ఏమవుతుందో 1992లో నెల్లూరు జిల్లా చూపించింది. దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారన్న కబురు జిల్లా పేజీల మీదుగా ఊరూరా పాకింది. పక్క ఊరు ఏం చేసిందో చదివించుకుని విన్న ఆడవాళ్లు తమ ఊళ్లో కదిలారు. 'ఈనాడు' రోజూ 'సారాపై సమరం' అని చోటిచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది.

చివరి పని చాలామంది వదిలేసేది: మళ్లీ పోవడం. నీళ్లు లేవని రాసినవాడు నీళ్లొచ్చాయని కూడా రాయాలి. డెస్కు దానికి చోటివ్వడానికి ఇష్టపడదు, అడిగి తీసుకోవాలి. ఆ కాలనీకి నాలుగో రోజు పోయాను. మోటారు మార్చారు. కొళాయి దగ్గర వరుస లేదు, రాళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. మొదటి రోజు నాతో మాట్లాడిన అవ్వ బిందె దించి నా దగ్గరికొచ్చింది.

"రాత్రి 11 దాకా ఉండి బిగించిపోయినాడు ఆ మెకానిక్ పిల్లోడు. అన్నం తినమంటే కూడా తినలా. వాని పేరు రాయి నాయనా."

పుస్తకం తీశాను. పేరు ఆమెకు తెలుసు. ఇంటి పేరు, తండ్రి పేరు తెలియదు. వాళ్ల ఊరు ఏ దావన పోవాలో అడిగి బండి తీశాను.