తరగతి తల్లిదండ్రులకు వాట్సాప్‌లో కబురు పంపడం ఎలా?

2020లో బడులు మూతపడి, తెలంగాణలో పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ చానెళ్లలో వచ్చిన రోజుల్లో చాలా ఇళ్లలో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ నాన్న జేబులో పనికి వెళ్లిపోయేది. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో అంతే. మీరు ప్రభుత్వ బడిలో టీచరై ఉండి, తరగతికి వాట్సాప్ గ్రూపు పెట్టాలనుకుంటే ఆ ఒక్క ఫోనును దృష్టిలో పెట్టుకునే మొదలుపెట్టండి.

ముందుగా హెడ్మాస్టరుగారికి చెప్పండి. తల్లిదండ్రుల సమావేశంలో ఒప్పుదల సంతకాలు తీసుకుంటూ, నంబరు ఎవరిది, సాయంత్రం ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, వాళ్లు చదవగలరా అన్నవి రాసుకోండి. పిల్లల నంబర్లు చేర్చొద్దు.

మామూలు గ్రూపు కాకుండా వాట్సాప్‌లోనే 'కమ్యూనిటీ' తెరవండి. మామూలు గ్రూపులో ప్రతి తల్లి నంబరూ ముక్కూమొహం తెలియని వాళ్లకు కూడా కనిపిస్తుంది. అర్ధరాత్రి ఎవరో మెసేజ్ పెడితే ఆమె చెప్పకుండానే తప్పుకుంటుంది. ఆమెతోపాటు ఆ పిల్ల చదువు కబురూ తెగిపోతుంది. కమ్యూనిటీతో వచ్చే అనౌన్స్‌మెంట్స్ గ్రూపులో సభ్యుల నంబర్లు అడ్మిన్లకు కనిపిస్తాయి గానీ, పరిచయం లేని మిగతావాళ్లకు కనపడవు. పోస్టులు పెట్టేదీ అడ్మిన్లే కాబట్టి గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పరీక్ష తేదీ కప్పబడిపోదు. చేరే లింకును అందరూ వచ్చాక రీసెట్ చేయండి.

ఇక అసలు పని. రాయడం తగ్గించి మాట్లాడండి. చదువురాని అమ్మకు మీ గొంతు అందుతుంది, అక్షరం అందదు. మైకు గుర్తును నొక్కిపట్టి పైకి జరిపితే రికార్డింగు లాక్ అవుతుంది. వేలు తీసేసి నింపాదిగా మాట్లాడొచ్చు. ఒక నిమిషం చాలు. ఇలా చెప్పి చూడండి:

"అమ్మా, నాన్నా, నేను ఆరో తరగతి లెక్కల టీచర్ని. ఈ రోజు భిన్నాల కూడిక చెప్పుకున్నాం. అన్నం తినేటప్పుడు పిల్లల్ని అడగండి: సగం రొట్టె, పావు రొట్టె కలిపితే ఎంత? ముప్పావు అంటే పాఠం వచ్చినట్టే. రాకపోతే తిట్టకండి, రేపు మళ్లీ చెబుతాను."

ఇందులో హోంవర్కు లేదు, హెచ్చరిక లేదు. బడి ముఖం చూడని తండ్రి కూడా ఆ ప్రశ్న అడగగలడు. నా దృష్టిలో వాట్సాప్‌కు ఇంతకన్నా మంచి వాడుక లేదు. పనులనుంచి ఇంటికి చేరే వేళకు, సాయంత్రం ఏడింటి తర్వాత పంపండి. వారానికి రెండు చాలు.

మార్కుల జాబితా, ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు, ఒక పిల్లవాడి మీద ఫిర్యాదు గ్రూపులో ఎప్పుడూ పెట్టొద్దు. అవి ఆ ఇంటికే ఫోన్ చేసి చెప్పాలి. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి విడిగా అడగండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది.

స్మార్ట్‌ఫోను లేని ఇళ్ల జాబితా మీ హాజరుపట్టీలోనే ఉంచుకోండి. సెలవు, పరీక్ష, సమావేశం లాంటి కబురు ఏదైనా ముందు ఆ పిల్లల నోటుబుక్కులో రాసి, ఆ తర్వాతే గ్రూపులో పెట్టండి.