ఏ విలువ మీద?



హైదరాబాద్‌లో ఫ్లాటు చూసుకున్నామని, రిజిస్ట్రేషన్‌కు ఎంతవుతుందో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారని ఫోన్‌లో అన్నావు. ఎంత శాతమో ఎవరైనా చెబుతారమ్మా. ఏ విలువ మీద ఆ శాతం కడతారో నువ్వే తెలుసుకోవాలి.

ప్రతి ఆస్తికీ రెండు విలువలుంటాయి. ఒకటి మీరు మాట్లాడుకున్న బేరం. రెండోది ప్రభుత్వం కట్టిన మార్కెట్ విలువ. స్థలానికైతే గజానికింత, ఫ్లాటుకైతే చదరపు అడుగుకింత అని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది. రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే సుంకం.

బేరం 62 లక్షలు, ప్రభుత్వ విలువ 54 లక్షలు అనుకో. లెక్కకు 62 లక్షలే తీసుకుంటారు. తెలంగాణలో 2021 జూలై 22 నుంచి స్టాంపు డ్యూటీ 5.5 శాతం, అంటే 3,41,000. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, 93,000. రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం, 31,000. అన్నీ కలిపి 4,65,000. విజయవాడలో కొన్నా మొత్తం ఏడున్నర శాతమే. అక్కడ స్టాంపు డ్యూటీ 5, ఫీజు 1, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ తెలంగాణలో లాగే.

ఇక్కడే ఎవరో ఒకరు, ‘54 లక్షలకే రాయించుకోండి, మిగతాది చేతికివ్వండి, అరవై వేలు మిగులుతాయి’ అంటారు. ఒప్పుకోవద్దు. నా మొదటి ఇంటికి అలాగే తక్కువ రాయించాను. అమ్మేటప్పుడు నేను కొన్న ధరగా దస్తావేజులో ఉన్న అంకెనే తీసుకున్నారు. నాకు రాని లాభానికి కూడా పన్ను కట్టాను.

ఫ్లాటు ఇంకా కడుతున్నదైతే బిల్డరుకు జీఎస్టీ 5 శాతం అదనం. అందుబాటు ధర ఇళ్ల కిందికి వస్తే 1 శాతమే, కానీ దానికి 45 లక్షలు దాటకూడదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక మొత్తం డబ్బు చెల్లిస్తే జీఎస్టీ లేదు. అందుకే సర్టిఫికెట్ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకు. సొంతదారు దగ్గర పాత ఫ్లాటు కొంటే అసలు ఈ ఊసే రాదు.

ఇక టీడీఎస్. విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే, బేరం, ప్రభుత్వ విలువ రెండింటిలో ఎక్కువైన దాని మీద 1 శాతం, అమ్మేవారికి ఇచ్చే సొమ్ములోంచి కోసి, వారి పాన్ మీద నువ్వే ప్రభుత్వానికి కట్టాలి. నీ లెక్కలో 62,000. ఇది నీ మీద అదనపు భారం కాదు, వారి పన్నే. సొమ్ము కోసిన నెల ముగిశాక 30 రోజుల్లో జమ చేయాలి. మరిచిపోతే వడ్డీ, ఆలస్య రుసుము నీ మీదే పడతాయి.

మన వాళ్లు అమెరికాలో ఉండి ఇక్కడి ఫ్లాట్లు అమ్ముతుంటారు. అలాంటి చోట ఈ ఒక్క శాతం చాలదు. మూలధన లాభాల పన్ను రేటున, చాలా ఎక్కువ కోయాలి. కోత తగ్గాలంటే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. తక్కువ కోస్తే శాఖ అడిగేది కొన్న నిన్నే.

మీకు అమ్మే ఆయన ఎక్కడ ఉంటున్నారో అగ్రిమెంటుకు ముందే కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి.