ఓడరేవు భద్రత: నిర్వచనాల హద్దులు, పౌరుల హక్కులు

ఓడరేవు గేటు దగ్గర పాసు అడగడం, లారీని ఆపి సోదా చేయడం, లంగరు వేసిన ఓడ దరిదాపులకు పడవలను రానివ్వకపోవడం వంటివన్నీ ఆయా రేవుల యాజమాన్యాలు సొంతంగా పెట్టుకున్న కట్టుబాట్లని చాలామంది అనుకుంటారు కానీ, వాటిలో అధికభాగానికి మూలం ఒక అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. సముద్రంలో ప్రాణరక్షణ కోసం 1974లో కుదిరి, సోలాస్ అన్న పొట్టి పేరుతో వ్యవహారంలో ఉన్న ఆ ఒప్పందానికి, 2001 సెప్టెంబరులో అమెరికాపై జరిగిన దాడుల దరిమిలా, 2002 డిసెంబరులో లండన్‌లో సమావేశమైన దేశాలు ఒక కొత్త అధ్యాయాన్ని చేర్చి, దానితోపాటు నౌకల, ఓడరేవు సదుపాయాల అంతర్జాతీయ భద్రతా నియమావళిని ఆమోదించాయి. రేవు సిబ్బంది ఐఎస్‌పీఎస్ కోడ్ అని పిలిచే ఈ నియమావళి 2004 జులై 1న అమల్లోకి వచ్చింది. ఇందులో మొదటి భాగం తప్పనిసరిగా పాటించవలసినది, రెండో భాగం మార్గదర్శకం మాత్రమే. భారతదేశం దీన్ని అమలుపరచడానికి 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టాన్ని 2007లో సవరించి ప్రత్యేక భాగాన్ని చేర్చింది. 2025లో పార్లమెంటు ఆ పాత చట్టానికి బదులు కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టాన్ని, 1908 నాటి పోర్టుల చట్టానికి బదులు కొత్త ఇండియన్ పోర్ట్స్ చట్టాన్ని ఆమోదించింది. చట్టాల పేర్లు మారినా, రేవు కూలీకి, లారీ డ్రైవరుకు, మత్స్యకారుడికి, ఓడ ఉద్యోగికి ఎదురయ్యే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఆ నియమావళిలోని, దాని మాతృక అయిన సోలాస్ అధ్యాయంలోని నిర్వచనాల్లోనే దొరుకుతుంది. ఆ నిర్వచనాలు ప్రమాదాన్ని అంచనా వేయడానికి రాసినవే తప్ప మనిషి నేరాన్ని నిర్ణయించడానికి రాసినవి కావు. ఈ తేడా తెలియని పౌరుడు తనకున్న రక్షణను అడగలేడు.

ముందుగా, ఈ నియమాలు ఏ ఓడలకు వర్తిస్తాయన్నది తెలుసుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ప్రయాణికుల ఓడలు, అంటే పన్నెండుమందికి మించి ప్రయాణికులను తీసుకువెళ్లేవి, 500 గ్రాస్ టన్నేజీ లేదా అంతకు మించిన సరుకు ఓడలు, సముద్రంలో చమురు కోసం తవ్వే కదిలే వేదికలు, వాటికి సేవలందించే రేవులు మాత్రమే వీటి పరిధిలోకి వస్తాయి. గ్రాస్ టన్నేజీ అనేది ఓడ బరువు కాదు, దాని లోపలి మొత్తం పరిమాణాన్ని బట్టి లెక్కకట్టే సంఖ్య. యుద్ధనౌకలకు, వ్యాపారేతర ప్రభుత్వ పనుల్లో ఉన్న ప్రభుత్వ నౌకలకు ఇవి వర్తించవు. చేపల పడవలకూ వర్తించవు. కాబట్టి మత్స్యకారుడు తన పడవకు ఐఎస్‌పీఎస్ ప్రకారం భద్రతా ప్రణాళిక గానీ, భద్రతా అధికారి గానీ ఉన్నట్టు చూపనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ తీరంలో అతని వేటను, లైసెన్సును నియంత్రించేది ప్రధానంగా 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్య నియంత్రణ చట్టం. అయితే పడవకు ఆ బాధ్యతలు లేనంత మాత్రాన, పెద్ద ఓడల కోసం ప్రభుత్వం నిర్ణయించిన ప్రదేశంలోకి అది స్వేచ్ఛగా వెళ్లవచ్చునని అర్థం కాదు. విశాఖపట్నంలో చేపల రేవు, పెద్ద రేవు పక్కపక్కనే ఉన్నందువల్ల ఈ రెండు సంగతులనూ కలిపి చూడకపోతే ఇబ్బంది తప్పదు.

ఇక్కడే ఓడరేవు సదుపాయం అన్న నిర్వచనం ముఖ్యమవుతుంది. ఓడకూ ఒడ్డుకూ మధ్య మనుషులో, సరుకులో, రేవు సేవలో అటూ ఇటూ కదులుతూ, ఆ కదలికల ప్రభావం ఓడ మీద నేరుగా, తక్షణం పడే సందర్భాన్ని నియమావళి ఓడ–రేవు సంధానంగా పరిగణిస్తుంది. అటువంటి సంధానం జరిగేదిగా ప్రభుత్వం లేదా అది నియమించిన అధికార సంస్థ నిర్ణయించిన ప్రదేశమే ఓడరేవు సదుపాయం. లంగరు వేసే చోట్లు, ఓడలు వంతు కోసం వేచి ఉండే బెర్తులు, సముద్రం వైపు నుంచి వచ్చే దారులు కూడా అవసరాన్నిబట్టి ఇందులో చేరవచ్చు. దీనికి కాకినాడ లంగరు రేవు మంచి ఉదాహరణ. అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే లంగరు వేసి నిలిస్తే, బియ్యం వంటి సరుకులను బార్జీల మీద వాటి దాకా చేరుస్తారు. అంటే రేవు పని ప్రహరీగోడకు ఎంతో ఆవల, నీటి మీద జరుగుతుంది. సదుపాయం హద్దు గోడతో ఆగిపోదని, అలాగని సముద్రమంతా సదుపాయం కూడా కాదని, ప్రభుత్వం నిర్ణయించిన మేరకే అది విస్తరిస్తుందని దీన్నిబట్టి గ్రహించాలి. వలలు వేసుకునే నీళ్లలో నిషిద్ధ ప్రాంతం ఎక్కడ మొదలవుతుందో ముందుగా, స్పష్టంగా, తెలుగులో తెలియజేయమని మత్స్యకార సంఘాలు రేవు అధికారులను రాతపూర్వకంగా అడగడం పూర్తిగా సబబైన కోరిక. తెలియజేయని హద్దును దాటాడని మనిషిని తప్పుపట్టడం న్యాయం అనిపించుకోదు.

రేవుతో సంబంధం లేకుండా సముద్రం మీద ఒక ఓడ నుంచి మరో ఓడకు సరుకు గానీ మనుషులు గానీ మారడాన్ని ఓడ నుంచి ఓడకు జరిగే కార్యకలాపంగా, ఓడ, రేవు లేదా రెండు ఓడలు ఎవరెవరు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో రాసుకునే ఒడంబడికను భద్రతా ప్రకటనగా నిర్వచించారు. ఇవి కంపెనీల మధ్య వ్యవహారాలు. సామాన్యుడికి వీటితో పెద్దగా పనిపడదు.

పనిపడేది భద్రతా స్థాయిలతో. ఒకటో స్థాయి అంటే ఎల్లవేళలా పాటించవలసిన కనీస జాగ్రత్తలు. ప్రమాదం పెరిగిందని భావించినప్పుడు కొంతకాలం పాటు అదనపు జాగ్రత్తలను కోరేది రెండో స్థాయి. దాడి జరిగే అవకాశం బలంగా ఉన్నప్పుడు లేదా అది ముంచుకొచ్చినప్పుడు, పరిమిత కాలానికి మాత్రమే విధించేది మూడో స్థాయి. ఈ స్థాయిని పెంచే, తగ్గించే అధికారం ప్రభుత్వానిది; గేటు దగ్గర నిలబడిన కాపలాదారుకు ఆ అధికారం లేదు. పైగా ప్రయాణికులకు, ఓడ సిబ్బందికి, సందర్శకులకు, సరుకులకు, సేవలకు వీలైనంత తక్కువ ఆటంకం, తక్కువ జాప్యం కలిగేలా రేవులో చర్యలు చేపట్టాలని తప్పనిసరి భాగంలోనే రాసి ఉంది. భద్రత పేరు చెప్పి గంటల తరబడి లారీలను కారణం లేకుండా నిలిపివేయడాన్ని ఈ నియమావళి సమర్థించదన్న మాట.

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసింది భద్రతా సంఘటన నిర్వచనం. ఓడకు గానీ, రేవు సదుపాయానికి గానీ, వాటి మధ్య జరిగే పనికి గానీ ముప్పు తెచ్చే అనుమానాస్పదమైన చర్య లేదా పరిస్థితి ఏదైనా సరే భద్రతా సంఘటనే అవుతుంది. ఇందులో చర్య అన్న మాటతోపాటు పరిస్థితి అన్న మాట కూడా ఉండటాన్ని గమనించాలి: యజమాని ఎవరో తెలియకుండా పడి ఉన్న సంచి, పాసు మరిచిపోయి వచ్చిన కూలీ, ఇంజను ఆగిపోయి ఓడ వైపు కొట్టుకువచ్చిన పడవ, వీటిలో దేనినైనా అధికారులు ఈ నిర్వచనం కిందికి తెచ్చి విచారించవచ్చు. ముందుజాగ్రత్త కోసం రాసిన నిర్వచనం అంత విశాలంగా ఉండటం సహజమే, అవసరం కూడా. కానీ సంఘటన నమోదైనంత మాత్రాన అందులో ఉన్న మనిషి నిందితుడు కాడు. నిందితుడు కావాలంటే భారతీయ న్యాయ సంహిత లేదా మరో శిక్షా చట్టంలోని నేరం అతనిపై మోపబడాలి. అప్పుడు మొత్తం వ్యవహారం క్రిమినల్ ప్రక్రియ కిందికి వస్తుంది, దానితోపాటు రాజ్యాంగం 22వ అధికరణ ఇచ్చిన రక్షణలూ వస్తాయి. అరెస్టుకు కారణాలను వెంటనే చెప్పాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 47వ సెక్షన్, ప్రయాణ సమయాన్ని మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని 58వ సెక్షన్ నిర్దేశిస్తున్నాయి. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా ఉన్న చోట, ఆ దళానికి 1968 నాటి చట్టం వారంటు లేకుండా అరెస్టు చేసే, సోదా చేసే అధికారాలను కొన్ని సందర్భాల్లో ఇచ్చినా, పట్టుకున్న వ్యక్తిని అనవసర జాప్యం లేకుండా పోలీసులకు అప్పగించి తీరాలని అదే చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది. ప్రైవేటు సంస్థ గార్డులకైతే సాధారణ పౌరుడికి ఉన్నంత అధికారమే ఉంది: తమ కళ్లెదుట బెయిలు ఇవ్వరాని, పోలీసులు నేరుగా చేపట్టదగిన నేరం జరిగినప్పుడో, ప్రకటిత నేరస్థుడు దొరికినప్పుడో మాత్రమే పట్టుకోగలరు, ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. లోనికి రానివ్వకపోవడం వేరు, గదిలో కూర్చోబెట్టి కదలనివ్వకపోవడం వేరు; మొదటిది ప్రవేశ నియంత్రణ, రెండోదానికి చట్టపరమైన ఆధారం చూపవలసిందే.

నిర్వచనంలోని అనుమానం తూటాగా మారితే ఏమవుతుందో 2012 ఫిబ్రవరిలో కేరళ తీరానికి 20 నాటికల్ మైళ్లకు కాస్త ఆవల జరిగిన ఘటన చూపింది. ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకరు మీద రక్షణకు నియమితులైన నావికా సైనికులు చేపల పడవ మీద కాల్పులు జరపగా ఇద్దరు మత్స్యకారులు మరణించారు. ఆ పడవను సముద్రపు దొంగలదిగా అనుమానించారన్నది ఇటలీ వాదన. 2020లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ సైనికులకు భారత కోర్టుల విచారణ నుంచి మినహాయింపు ఉందని, అయితే భారతదేశానికి పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. 10 కోట్ల రూపాయలు జమ అయ్యాక 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఇక్కడి కేసును ముగించింది. సముద్రపు దొంగతనం అనడానికి చట్టంలో కచ్చితమైన అంశాలున్నాయి: సొంత ప్రయోజనాల కోసం, ఒక ప్రైవేటు ఓడలోని వారు, తీరదేశాల ప్రాదేశిక జలాలకు ఆవల, మరో ఓడ మీద హింసకు, నిర్బంధానికి లేదా దోపిడీకి పాల్పడాలి. భారతదేశం 2022లో చేసిన సముద్రపు దొంగతనాల నిరోధక చట్టం కూడా ఈ అంతర్జాతీయ నిర్వచనాన్నే అనుసరిస్తుంది. పడవ ఓడకు దగ్గరగా రావడం వీటిలో ఏదీ కాదు.

ఓడ ఉద్యోగుల హక్కులను ఈ నియమావళి మరింత సూటిగా పేర్కొంది. శ్రీకాకుళం జిల్లా తీర గ్రామాల నుంచి, విశాఖపట్నం నుంచి ఎందరో యువకులు విదేశీ ఓడల్లో పనిచేస్తున్నందున ఇది తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన విషయం. నెలల తరబడి ఓడే ఇల్లుగా బతికే నావికుడికి రేవులో ఒడ్డుకు దిగే సెలవు, అంటే షోర్ లీవు, ఒడ్డున వైద్యం, సంక్షేమ కేంద్రాల సేవలు అవసరమని నియమావళి పీఠికే గుర్తించింది. నియమావళిని ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా వ్యాఖ్యానించరాదని కూడా అక్కడే ఉంది. షోర్ లీవును, సిబ్బంది మార్పిడిని, నావికుల సంక్షేమ సంస్థల, కార్మిక సంఘాల ప్రతినిధుల రాకను సులభతరం చేసే పద్ధతి ప్రతి రేవు భద్రతా ప్రణాళికలో ఉండి తీరాలి. నావికుల గుర్తింపు పత్రాలపై 2003 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాన్ని, 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందాన్ని భారతదేశం 2015లో ఆమోదించింది. షోర్ లీవు నిరాకరణకు గురైన నావికుడు కారణాన్ని రాతలో అడిగి, కెప్టెన్ ద్వారా, సంఘం ద్వారా, ముంబైలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు.

అకారణంగా నిలిపివేసిన ఓడకు నష్టపరిహారం పొందే హక్కు ఉందని సోలాస్ స్పష్టంగా రాసింది. అదే గేటు దగ్గర ఒక రోజు కూలీ పోగొట్టుకున్న మనిషి గురించి ఆ అధ్యాయం ఏమీ రాయకపోవడం విచారకరం. అతనికి దారి రాజ్యాంగంలోనే ఉంది: అక్రమ నిర్బంధానికి ప్రభుత్వం పరిహారం చెల్లించాలని 1983లో రుదుల్ షా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది కనుక, తీవ్రమైన సందర్భాల్లో హైకోర్టును ఆశ్రయించవచ్చు. సమాచార హక్కు చట్టం కింద భద్రతా ప్రణాళిక ప్రతి దొరకదు, దొరకకూడదు కూడా. కానీ పాసుల జారీ నిబంధనలు, నిషిద్ధ ప్రాంతం హద్దులు, ఫిర్యాదుల అధికారి వివరాలను ప్రభుత్వ రేవు సంస్థను అడగవచ్చు. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి సమాచార హక్కు చట్టం నుంచి మినహాయింపు ఉన్నా, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదు. నిర్బంధంలో ఉన్నవారికి, మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది. అందుకు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.